పదిమందిలో పాము చావదు: పనిచేసే చోట చూపరుల మౌనం

వ్యాస భారతం సభాపర్వంలో ద్రౌపదిని సభకు ఈడ్చుకువచ్చిన ఘట్టం మనకందరికీ తెలిసినదే. భీష్ముడు, ద్రోణుడు, కృపుడు వంటి పెద్దలందరూ అక్కడే ఉన్నారు. ఆమె అడిగిన ప్రశ్నకు సూటిగా సమాధానం చెప్పినవారు లేరు. ధృతరాష్ట్రుని కొడుకులలో ఒకడైన వికర్ణుడు మాత్రం లేచి ఇది అధర్మమన్నాడు. కర్ణుడు అతనిని చిన్నవాడివని కసిరి కూర్చోబెట్టాడు. అదే సభలో విదురుడు, పూర్వం కశ్యపుడు ప్రహ్లాదునికి చెప్పిన ఒక ధర్మసూక్ష్మాన్ని గుర్తు చేశాడు. నిందింపదగిన పనిని సభ నిందించకుండా ఊరుకుంటే ఆ పాపంలో సగం సభకు పెద్ద అయినవానికి, పావు వంతు చేసినవానికి, మిగిలిన పావు వంతు మౌనంగా కూర్చున్న సభ్యులకు చెందుతుందని దాని సారాంశం. అంత చెప్పినా ఆ రాజులు నోరు విప్పలేదు.

అంతమంది పెద్దలు ఎందుకు మాట్లాడలేదు? ఈ ప్రశ్నకు మన పౌరాణికులు ధర్మశాస్త్రంలో సమాధానం వెదికారు. గత ఆరు దశాబ్దాలుగా సాంఘిక మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఇదే ప్రశ్నను ప్రయోగశాలలోనికి తీసుకువెళ్ళారు. వారు కనుగొన్న విషయాలు దేశం కాని దేశంలో ఉద్యోగాలు చేసుకుంటున్న మనకు చాలా దగ్గరివి. అందుకే ఈ వ్యాసం.

ఒక సన్నివేశాన్ని ఊహించుకుందాం. సోమవారం ఉదయం ఒక ఆఫీసులో సమావేశం జరుగుతున్నది. గదిలో పదిమంది ఉన్నారు. ఈ మధ్యనే చేరిన ఒక ఉద్యోగిని తన పని వివరిస్తున్నది. పై అధికారి ఆమె ఉచ్చారణను అనుకరించి, "ఈసారి ఇంగ్లీషులో చెప్పమ్మా" అని నవ్వాడు. ఇద్దరు సన్నగా నవ్వారు. మిగిలినవారు ఎదుట ఉన్న కాగితాలలోకి చూశారు. ఆమె కంఠం తడబడింది, సమావేశం ముందుకు సాగింది. మధ్యాహ్న భోజనాల దగ్గర మాత్రం ఒక్కొక్కరే "పాపం, అలా అనకుండా ఉండవలసింది" అనుకున్నారు. ఆ మాట ఆమెకు వినిపించలేదు, అధికారికీ వినిపించలేదు. ఆ గదిలో ఉన్నవారంతా చెడ్డవారా? కారు. మరి ఏమి జరిగింది?

ఒక వార్త, దాని సవరణ

ఈ పరిశోధనలకు నాంది పలికినది ఒక హత్య. 1964 మార్చి 13 తెల్లవారుజామున న్యూయార్క్ నగరంలోని క్వీన్స్ ప్రాంతంలో కిట్టీ జెనోవీస్ అనే 28 ఏళ్ళ యువతిని ఆమె ఇంటి సమీపంలోనే ఒక దుండగుడు పొడిచి చంపాడు. రెండు వారాల తరువాత న్యూయార్క్ టైమ్స్ పత్రిక, 38 మంది ఇరుగు పొరుగువారు అరగంటకు పైగా చూస్తూ ఊరుకున్నారని ప్రచురించింది. దేశమంతా నివ్వెరపోయింది. నగర జీవితం మనుషులను బండబారుస్తున్నదని సంపాదకీయాలు వెలువడ్డాయి.

ఆ వార్తలో అతిశయోక్తి పాలు ఎక్కువని తరువాత తేలింది. జరిగినదంతా కళ్ళారా చూసినవారు బహు కొద్దిమంది. ఒకరు కిటికీలో నుంచి కేక వేసి దుండగుని కాసేపు తరిమివేశారు. పొరుగున ఉన్న ఒక స్త్రీ క్రిందికి పరుగెత్తుకు వచ్చి కిట్టీని ఒడిలోకి తీసుకున్నది. 2007లో మనస్తత్వ శాస్త్రజ్ఞులే ఈ కథను పునఃపరిశీలించి, పాఠ్యపుస్తకాలు చెబుతున్నదానికి ఆధారాలు చాలవని వ్రాశారు. 2016లో న్యూయార్క్ టైమ్స్ కూడా తన నాటి కథనంలోని లోపాలను ఒప్పుకున్నది. అయితే తప్పుల తడకగా ఉన్న ఆ వార్త నుంచే ఒక మంచి శాస్త్రీయ ప్రశ్న పుట్టింది. అందరూ "ఎందుకు ఇంత కఠినులయ్యారు?" అని అడుగుతుండగా, బిబ్ లటానే, జాన్ డార్లీ అనే ఇద్దరు యువ ఆచార్యులు "అంతమంది ఉండటమే కారణం కావచ్చునా?" అని అడిగారు.

పొగ నిండిన గది

1968లో వారు ప్రచురించిన రెండు ప్రయోగాలు ప్రసిద్ధమైనవి. మొదటిదానిలో విద్యార్థులను ఒక గదిలో కూర్చోబెట్టి ఏవో ప్రశ్నాపత్రాలు నింపమన్నారు. కొంతసేపటికి గోడలోని సందు గుండా పొగ రావటం మొదలయింది. గదిలో ఒంటరిగా ఉన్నవారిలో 75 శాతం బయటకు వెళ్ళి ఆ సంగతి చెప్పారు. మరొక ఏర్పాటులో విద్యార్థి ప్రక్కన ఇద్దరు కృత్రిమ సహచరులు ఉన్నారు. పొగను చూసి కూడా ఏమీ పట్టనట్లు వ్రాసుకుంటూ పోవాలని వారికి ముందే చెప్పి ఉంచారు. అప్పుడు పొగ సంగతి చెప్పినవారు 10 శాతం మాత్రమే. తక్కినవారు కళ్ళు నులుముకుంటూ, దగ్గుతూ, ప్రశ్నాపత్రాలు నింపుతూనే ఉన్నారు.

రెండవ ప్రయోగంలో విద్యార్థులు వేరు వేరు గదులలో కూర్చుని మైకు ద్వారా మాట్లాడుకున్నారు. వారిలో ఒకరికి హఠాత్తుగా మూర్ఛ వచ్చినట్లు ధ్వని వినిపించింది. అది ముందుగా రికార్డు చేసి ఉంచిన ధ్వని. వింటున్నది తానొక్కడే అనుకున్నవారిలో 85 శాతం ఆ మూర్ఛ ముగిసేలోగా సహాయం కోసం కదిలారు. మరొకరు కూడా వింటున్నారని అనుకున్నప్పుడు అది 62 శాతానికి, మరి నలుగురు వింటున్నారని అనుకున్నప్పుడు 31 శాతానికి పడిపోయింది. ఇక్కడ గమనింపదగిన విషయం ఒకటి ఉన్నది. కదలనివారు నిర్లిప్తంగా లేరు. పరిశోధకులు లోపలికి వెళ్ళినప్పుడు వారి చేతులు వణుకుతున్నాయి, అరచేతులకు చెమటలు పట్టాయి. "ఆ అబ్బాయికి ఎలా ఉంది?" అని వారే ఆత్రంగా అడిగారు. వారిలో దయ లేకపోలేదు, ఆ దయ కార్యరూపం దాల్చలేదు, అంతే.

"పదిమందిలో పాము చావదు" అని మన పెద్దలు ఊరకే అనలేదు. రాజుగారు కోనేటిలో తలా ఒక చెంబెడు పాలు పోయమంటే, మిగిలినవారు పాలు పోస్తారు గదా అని ప్రతివాడూ నీళ్ళే పోసిన కథ మనం చిన్నప్పుడే విన్నాం. చూపరుల సంఖ్య పెరిగినకొద్దీ ఒక్కొక్కరి చొరవ తగ్గే ఈ ధోరణికి శాస్త్రజ్ఞులు "బైస్టాండర్ ఎఫెక్ట్" అని పేరు పెట్టారు. తెలుగులో "చూపరుల ప్రభావం" అనుకుందాం.

అయిదు మెట్లు

1970లో వెలువరించిన తమ గ్రంథంలో లటానే, డార్లీలు, చూపరి సహాయకుడుగా మారటానికి అయిదు మెట్లు ఎక్కవలసి ఉంటుందని వివరించారు. మొదటిది, జరిగినదానిని గమనించటం. రెండవది, అది జోక్యం అవసరమైన సంఘటన అని గుర్తించటం. మూడవది, అది తన బాధ్యత అనుకోవటం. నాలుగవది, ఏమి చేయాలో తెలియటం. అయిదవది, ఆ పని చేయటం. ఏ మెట్టు దగ్గర ఆగిపోయినా బయటకు కనిపించేది మౌనమే.

మన సోమవారం సమావేశానికి ఈ మెట్లను అన్వయించి చూద్దాం. రెండవ మెట్టు దగ్గర ఒక చిత్రమైన భ్రమ అడ్డుపడుతుంది. ఇది హాస్యమా, అవమానమా అని ప్రతివారూ ఇతరుల ముఖాలు చూస్తారు. ఇతరులు నిబ్బరంగా కనిపిస్తారు, ఎందుకంటే వారు కూడా నిబ్బరంగా కనిపించటానికే ప్రయత్నిస్తున్నారు. అందరికీ లోపల బాధగానే ఉన్నా, బాధపడుతున్నది తానొక్కడేనని ప్రతివాడూ అనుకుంటాడు. దేవతా వస్త్రాల కథలో ఊరంతా చేసిన పని ఇదే. మూడవ మెట్టు దగ్గర, గదిలో తనకన్నా అనుభవం ఉన్నవారు ఉన్నారు గదా, వారే అంటారులే అనిపిస్తుంది. నాలుగవ మెట్టు దగ్గర మాట తోచదు. తోచేసరికి సమావేశం ముగుస్తుంది.

ఆఫీసు వీధి వంటిది కాదు

వీధిలో జరిగే ఆపదకూ పనిచేసే చోట జరిగే అవమానానికీ మూడు భేదాలు ఉన్నాయి. వీధిలో దుండగుడు ఎవరో అపరిచితుడు. ఆఫీసులో వేధించేవాడు చాలాసార్లు మన జీతం, పదోన్నతి తన చేతిలో ఉన్నవాడు. వీధిలో ఆపద కొన్ని నిమిషాలలో ముగుస్తుంది. ఆఫీసు వేధింపు చిన్న చిన్న మోతాదులలో నెలల తరబడి సాగుతుంది. సమావేశాలకు పిలవకపోవటం, చేసిన పనికి పేరు దక్కనీయకపోవటం, అందరిలో ఎగతాళి చేయటం విడివిడిగా చూస్తే చిన్నవే. అవన్నీ కలిసినప్పుడు ఏర్పడే సామూహిక వేధింపును 1980లలో స్వీడన్‌లో శాస్త్రీయంగా వర్ణించినవాడు హైంజ్ లేమన్. ఆయన కృషి అనంతరం 1993లో స్వీడన్ పనిచేసే చోట వేధింపులపై ప్రత్యేక నిబంధనలు చేసింది.

మూడవ భేదం మరీ సూక్ష్మమైనది. వేధింపు కొంతకాలం సాగిన తరువాత చూపరులు బాధితుని పక్షం వదలి అతనిలోనే తప్పులు వెదకటం ప్రారంభిస్తారు. 1966లో మెల్విన్ లెర్నర్ ప్రచురించిన ఒక ప్రయోగంలో, ఏ పాపమూ ఎరుగని ఒక యువతికి విద్యుదాఘాతాలు తగులుతున్నట్లు చూపరులను నమ్మించారు. ఆమె బాధను ఆపలేమని, అది ఇంకా కొనసాగుతుందని అనుకున్నవారు క్రమంగా ఆమెను తక్కువగా అంచనా వేయసాగారు. లోకం న్యాయంగా నడుస్తున్నదన్న నమ్మకం మనకు అవసరం. దానిని నిలుపుకోవటానికి, బాధపడేవాడు ఏదో చేసే ఉంటాడని మనస్సు సర్దిచెప్పుకుంటుంది. "చేసుకున్నవారికి చేసుకున్నంత" అని మన ఇళ్ళలో అలవోకగా అనే మాట వెనుక కూడా ఈ సర్దుబాటు దాగి ఉండవచ్చు. కర్మ సిద్ధాంతం మన నడతను సరిదిద్దుకోవటానికి ఏర్పడినది. ఎదుటివాని కష్టాన్ని చూసి చేతులు దులుపుకోవటానికి కాదు.

ఊహకూ నడతకూ మధ్య దూరం

"నేనే అక్కడ ఉంటే చెప్పవలసినది చెప్పి ఉండేవాడిని" అని మనలో చాలామంది అనుకుంటాం. 2001లో జూలీ వుడ్జిక, మరియాన్ లఫ్రాన్స్ ప్రచురించిన పరిశోధన ఈ నమ్మకాన్ని పరీక్షించింది. ఉద్యోగపు ఇంటర్వ్యూలో అసభ్యమైన ప్రశ్నలు అడిగితే ఏమి చేస్తారని యువతులను అడిగినప్పుడు చాలామంది కోపం వస్తుందని, జవాబు చెప్పబోమని అన్నారు. నిజంగా అటువంటి ఇంటర్వ్యూ ఏర్పాటు చేసినప్పుడు, జవాబు చెప్పటానికి నిరాకరించినవారు ఒక్కరు కూడా లేరు. వారికి కోపం కన్నా ఎక్కువగా కలిగినది భయం. 2009లో సైన్స్ పత్రికలో వెలువడిన మరొక పరిశోధనలోనూ ఇదే కనిపించింది. నల్లజాతి వ్యక్తిని కించపరచిన మాటను ప్రత్యక్షంగా విన్నవారు, తాము కలత చెందుతామని ఊహించినంతగా కలత చెందలేదు. ఆ మాట అన్నవానికి దూరంగానూ జరగలేదు.

కనుక బాధితులను "నువ్వెందుకు అప్పుడే ఎదురు చెప్పలేదు?" అని అడగటం శాస్త్రీయంగా కూడా సమంజసం కాదు. అదే విధంగా, మౌనంగా ఉండిపోయిన మనలను మనం నిందించుకుంటూ కూర్చోవటం వలన కూడా ప్రయోజనం లేదు. ముందుగా సిద్ధపడటం ఒక్కటే మార్గం.

చూసినవారికీ నష్టమే

మాట్లాడకుండా ఉంటే కనీసం మనం క్షేమంగా ఉంటామనుకోవటం పొరపాటు. 2009లో క్రిస్టీన్ పోరాత్, అమీర్ ఎరెజ్ అనే పరిశోధకులు, ఇతరులను పరుషంగా మందలించటం కేవలం చూసినవారు కూడా ఆ తరువాత మాటల చిక్కుప్రశ్నలలోను, కొత్త ఆలోచనలు చేయటంలోను వెనుకబడ్డారని చూపించారు. 2001లో ఫిన్లాండ్ నుంచి వెలువడిన మారిత్ వార్తియా అధ్యయనంలో, వేధింపునకు గురైనవారే కాక దానిని చూస్తూ ఉన్న సహోద్యోగులు కూడా, అటువంటి వాతావరణం లేని చోట పనిచేసేవారికన్నా ఎక్కువ మానసిక ఒత్తిడిని తెలిపారు. ఎదుటివానికి పడిన దెబ్బ రేపు తనకూ పడవచ్చునన్న ఎరుక మనిషిని లోలోపల తినివేస్తుంది.

ఒక్కరు తోడైతే

ఇంతవరకు చెప్పినది నిరాశ కలిగించవచ్చు. కాని అదే శాస్త్రం ఆశను కూడా ఇస్తున్నది. 1950లలో సాలమన్ ఆష్ చేసిన ప్రయోగాలలో, గదిలోని వారందరూ ఏకకంఠంగా తప్పు చెబితే, గీతల పొడవు వంటి కంటికి కనిపించే విషయంలో సైతం ప్రయోగానికి వచ్చినవారు మూడింట ఒక వంతుకు పైగా సందర్భాలలో ఆ తప్పుతోనే ఏకీభవించారు. అయితే ఒక్కడు నిజం చెప్పగానే అలా లొంగిపోవటం సుమారు నాలుగవ వంతుకు తగ్గిపోయింది. యేల్ విశ్వవిద్యాలయంలో స్టాన్లీ మిల్‌గ్రామ్ చేసిన ప్రయోగంలో, పై అధికారి ఆజ్ఞాపిస్తే 40 మందిలో 26 మంది ఎదుటివానికి 450 వోల్టుల విద్యుదాఘాతం ఇస్తున్నామనుకుని కూడా చివరి వరకు వెళ్ళారు. ప్రక్కనున్న ఇద్దరు సహచరులు "మేము చేయము" అని లేచినప్పుడు చివరి వరకు వెళ్ళినవారు 40 మందిలో నలుగురే.

2019లో ప్రచురితమైన ఒక అధ్యయనం ప్రయోగశాల వదలి వీధిలోకి వచ్చింది. ఇంగ్లండులోని లాంకాస్టర్, నెదర్లాండ్స్‌లోని ఆమ్‌స్టర్‌డామ్, దక్షిణాఫ్రికాలోని కేప్ టౌన్ నగరాలలో నిఘా కెమేరాలు చిత్రించిన 219 ఘర్షణలను పరిశోధకులు పరిశీలించారు. వాటిలో 91 శాతం సందర్భాలలో కనీసం ఒక్కరైనా జోక్యం చేసుకున్నారు. చూపరులు ఎక్కువమంది ఉన్నప్పుడు ఎవరో ఒకరు ముందుకు వచ్చే అవకాశం కూడా ఎక్కువగానే కనిపించింది. పదిమంది చేరితే ఒక్కొక్కని చొరవ తగ్గవచ్చు. కాని ఒకడు కర్ర అందుకుంటే చాలు, పాము చావవచ్చు.

ఏమి చేయవచ్చు?

జోక్యమనగానే అధికారిని నలుగురిలో ఎదిరించటమే అనుకుంటాం. అది అనేక మార్గాలలో ఒకటి మాత్రమే. 2005లో లిన్ బోస్-స్పెరీ, ఆన్ ఓలియరీ-కెల్లీ అనే ఆచార్యులు చూపరుల జోక్యాన్ని రెండు ప్రశ్నలతో వర్గీకరించారు. ఇప్పుడా, తరువాతనా? మనం ఎంతవరకు బయటపడతాం? దీనివలన నాలుగు మార్గాలు ఏర్పడుతున్నాయి.

1. అప్పటికప్పుడు, సూటిగా: "ఆ మాట బాగాలేదండీ, ఆమెను పూర్తి చేయనిద్దాం" అని ప్రశాంతంగా అనటం. కోపం అవసరం లేదు, ఉపన్యాసం అవసరం లేదు.

2. అప్పటికప్పుడు, పరోక్షంగా: "ఇందాక మీరు చెప్పిన రెండవ అంశం నాకు ఇంకొంచెం వివరించండి" అని ఆమెను అడగటం. దీనితో సంభాషణ మళ్ళుతుంది, ఆమెకు గౌరవం తిరిగి దక్కుతుంది. వేధించినవాడు కూడా దీనిని తప్పుపట్టలేడు.

3. తరువాత, సూటిగా: అధికారితో ఏకాంతంలో మాట్లాడటం, సిబ్బంది విభాగానికి తెలియపరచటం, బాధితురాలికి తోడుగా వెళ్ళి సాక్ష్యం చెప్పటం.

4. తరువాత, పరోక్షంగా: "నేను చూశాను. మీ తప్పేమీ లేదు. మీకు ఏమి కావాలో చెప్పండి" అని ఆమెతో అనటం. ఈ పనికి ధైర్యం చాలా కొద్దిగా చాలు. భోజనాల దగ్గర తమలో తాము అనుకున్న "పాపం" అనే మాటను ఆమె దగ్గరకు చేర్చటమే ఇది.

ఏ మార్గమైనా బాధితుల ఇష్టాన్ని తెలుసుకుని నడవటం మంచిది. చూసినదానిని ఆ రోజే తేదీ, సమయం, అన్న మాటలు, గదిలో ఉన్నవారి పేర్లతో వ్రాసి ఉంచుకోవాలి. రహస్యంగా రికార్డు చేయటం మాత్రం ప్రమాదకరం. కాలిఫోర్నియా వంటి కొన్ని రాష్ట్రాలలో ఆంతరంగిక సంభాషణను అందరి అనుమతి లేకుండా రికార్డు చేయటం నేరం.

చట్టం ఏమంటున్నది?

అమెరికాలో సాధారణమైన పరుషత్వాన్ని నిషేధించే ఫెడరల్ చట్టం లేదు. కాని వేధింపు జాతి, వర్ణం, మతం, లింగం, జాతీయ మూలం వంటి కారణాల మీద జరిగితే 1964 పౌరహక్కుల చట్టంలోని 7వ శీర్షిక వర్తిస్తుంది. 15 మంది లేక అంతకు మించి ఉద్యోగులు ఉన్న సంస్థలకు ఇది వర్తిస్తుంది. ఆ వేధింపును ఎదిరించినవారిపైన, విచారణలో పాల్గొన్నవారిపైన కక్ష సాధించటం కూడా నేరమే కాకపోయినా చట్టవిరుద్ధం. సంస్థ అంతర్గత విచారణలో అడిగిన ప్రశ్నలకు జవాబు చెప్పినవారికి కూడా ఈ రక్షణ ఉన్నదని 2009లో సుప్రీం కోర్టు తీర్పు ఇచ్చింది. బ్రిటన్‌లో 2010 సమానత్వ చట్టం సాక్ష్యం చెప్పినవారిని ఇదే విధంగా కాపాడుతుంది. భారతదేశంలో 1997 నాటి విశాఖ తీర్పు తరువాత, పనిచేసే చోట స్త్రీలపై లైంగిక వేధింపుల నివారణకు 2013లో చట్టం వచ్చింది. బాధితురాలు స్వయంగా ఫిర్యాదు చేయలేని స్థితిలో ఉంటే, సంఘటన తెలిసినవారు ఆమె వ్రాతపూర్వకమైన అంగీకారంతో ఫిర్యాదు చేయవచ్చునని దాని నియమాలు చెబుతున్నాయి. అంటే చూపరికి చట్టమే ఒక స్థానం కల్పించింది.

మన సంగతి

ప్రవాసులమైన మనకు ఇంకొక భయం ఉన్నది. అమెరికాలో హెచ్-1బి వీసాపై ఉన్నవారికి ఉద్యోగం పోతే, 2017 జనవరి నుంచి అమలులో ఉన్న నిబంధన ప్రకారం, గరిష్ఠంగా 60 రోజుల గడువు లభిస్తుంది. గల్ఫ్ దేశాలలో నివాస అనుమతి సాధారణంగా యజమానితో ముడిపడి ఉంటుంది. ఇల్లు, పిల్లల చదువు, ఊళ్ళో తల్లిదండ్రులకు పంపే డబ్బు అన్నీ ఆ ఒక్క ఉద్యోగం మీదనే ఆధారపడి ఉన్నప్పుడు "మనకెందుకులే" అనుకోవటం పిరికితనమని కొట్టిపారేయలేము. ప్రతివారూ వికర్ణుడు కావాలని ఈ వ్యాసం చెప్పదు. పై నాలుగు మార్గాలలో తన పరిస్థితికి తగినది ఒకటి ఎన్నుకోవచ్చునని మాత్రం చెబుతుంది. వీసా భయం ఉన్నవారు నాలుగవ మార్గాన్ని, పౌరసత్వమో స్థిరనివాసమో ఉన్నవారు మొదటిదానిని, మూడవదానిని ఎన్నుకోవచ్చు. ఎక్కువ భద్రత ఉన్నవారి మీద ఎక్కువ బాధ్యత ఉండటం న్యాయం. సభాపతికి సగం పాపమన్న కశ్యపుని లెక్కలో ఉన్న తర్కం కూడా ఇదే.

వేధించేవాడు మన తెలుగువాడే అయినప్పుడు పరీక్ష మరీ కఠినమవుతుంది. పండుగకు కలుసుకునే మనిషి, మన ఊరివాడు, మన సంఘంలో పెద్ద అనుకుని కప్పిపుచ్చుతాం. కొత్తగా వచ్చిన కుర్రవాడు ఎవరికి చెప్పుకోగలడు? మన సంఘాలు సాంస్కృతిక కార్యక్రమాలతో పాటు, అటువంటివారు నమ్మకంగా వచ్చి చెప్పుకోదగిన ఇద్దరు ముగ్గురు పెద్దలను కూడా ఏర్పాటు చేసుకుంటే ఎంతో మేలు.

చివరగా ఒక మాట. ఇది పెద్దలకు మాత్రమే సంబంధించిన పాఠం కాదు. బడిలో తోటి పిల్లవాని పేరునో, వాడు తెచ్చుకున్న భోజనాన్నో వెక్కిరిస్తుంటే మన పిల్లలు ఏమి చేస్తున్నారో ఈ రాత్రి భోజనాల దగ్గర అడిగి చూడండి. తిట్టవద్దు, ఉపదేశించవద్దు. "అప్పుడు నువ్వు వాడి ప్రక్కన వెళ్ళి కూర్చోగలవా?" అని అడగండి. తరువాత, సోమవారం మీ సమావేశంలో మీరు ఏ ఒక్క వాక్యం చెప్పగలరో మీరు కూడా ముందుగానే అనుకుని ఉంచుకోండి. సమయానికి మాట తోచకపోవటమే మనలను ఎక్కువసార్లు ఆపుతున్నది.